గొలుసు మీద ప్రార్థన

నేను మనుషుల్ని కొట్టేవాణ్ణి. ముప్పై తొమ్మిదో ఏట బాప్తిస్మం తీసుకోబోయే ముందు పాస్టరుగారు, "చేసిన తప్పులు ఒకసారి తలచుకో బాబూ" అన్నారు. కళ్లు మూసుకుని తలచుకోమని ఆయన ఉద్దేశం. నాకు తలచుకోవడమంటే కాగితం మీద రాయడమే. ఇంటికొచ్చి, నేను చేయి చేసుకున్న మనుషుల్ని వరసగా రాశాను. ఎవర్ని, ఎక్కడ, దేంతో, ఎందుకు. పద్నాలుగు మంది తేలారు. ఒకాయనకి రెండు పళ్లు పోయాయి. ఇంకొకాయనకి ఎడమ చెవి ఈరోజుకీ సరిగ్గా వినపడదు. పద్నాలుగో వరస మా ఆవిడది.

ఆమె నా భుజం మీదుగా చూసి, "నన్నొక్కసారే ఏసేవేటి?" అంది.

"మనిషికో వరస."

"అలాగయితే నా వరస పక్కన ఎన్నో కూడా ఎయ్యి. నీకు తెలకపోతే నాను సెప్తాను."

చెప్పింది. నేను వేయలేదు. ఆ అంకె నాకు గుర్తుంది. ఇక్కడ కూడా వేయలేకపోతున్నాను.

నా పని పొలాలు కొలవడం. సర్కారు సర్వేయరుని కాను, పదో తరగతి తప్పినవాణ్ణి. రిటైరైన ఒక సర్వేయరు దగ్గర పాత కొలత గొలుసు కొనుక్కుని, పటాలు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. వంద లింకులు ఒక గొలుసు, అరవయ్యారు అడుగులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఇప్పుడు పైనుంచి డ్రోన్లు కొలుస్తున్నాయి గాని, గట్టు మీద పారలు లేచినప్పుడు డ్రోను వచ్చేదాకా ఎవరూ ఆగరు. గజపతినగరం చుట్టుపక్కల ఊళ్లలో అలాంటప్పుడు నన్ను పిలుస్తారు.

యేసయ్యతో స్నేహితుడితో మాట్లాడినట్టు మాట్లాడమని పాస్టరుగారు చెప్పారు. గట్ల మీద నడుస్తూ అలాగే మాట్లాడేవాణ్ణి. ఆయన కూడా ఊరూరూ నడిచినవాడే కనక నాకది సులువుగా వచ్చింది. కానీ మూడేళ్లపాటు నేను ఆయన్ని అడిగింది ఒక్కటే. నా చేతుల్దాకా ఎప్పుడొస్తావు? నోరు మారింది, సారా పోయింది, మా ఆవిడ జోలికి వెళ్లలేదు. కానీ ఎవడైనా ఎదురు తిరిగితే కుడి చేయి నాకన్నా ముందే పిడికిలి అయ్యేది. ఆ మూడేళ్లలో పదిహేనో వరస రాయలేదు. రాయబోయి ఆగింది ఆరుసార్లు. ఆగినప్పుడల్లా ఎవరో అడ్డం వచ్చారు తప్ప నేనుగా ఆగలేదు. నా విశ్వాసం నిజమా కాదా అన్నది నాకు ఆ చేతి దగ్గరే తేలాలి.

ఆ రోజుల్లో ఒక అలవాటు చేసుకున్నాను. కొలత మొదలుపెట్టే ముందు గొలుసు మీద చేయి వేసి ప్రార్థన చేసేవాణ్ణి. జనం కూడా తలపాగాలు తీసి నిలబడేవారు. అంతకుముందు వేరే అలవాటు ఉండేది. మా వీధి సిమెంటు రోడ్డు అంచున సరిగ్గా అరవయ్యారు అడుగుల దూరంలో రెండు మేకులు దిగ్గొట్టి, నెలకోసారి గొలుసుని వాటికి పట్టి చూసుకునేవాణ్ణి. వాడగా వాడగా ఇనప కడియాలు అరిగి గొలుసు సాగుతుంది. ప్రార్థన మొదలెట్టాక మేకుల దగ్గరికి వెళ్లడం మానేశాను. అప్పగించాక మళ్లీ పరీక్షించడం ఆయన్ని నమ్మకపోవడమే అనిపించింది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. నా తెలివే.

గొడవ మా బావది. మా అక్క భర్త. ఆయన జీడితోటకి తూర్పున, మా ప్రార్థన పాకలో నా పక్క చాప మీద కూర్చునే విశ్వాసి పొలం. మధ్య గట్టు తన వైపు జరిగిపోయిందని విశ్వాసి అన్నాడు. ఇద్దరూ నన్నే పిలిచారు. పడమటి సరిహద్దు రాయి ట్రాక్టరు తగిలి ఎప్పుడో పోయింది. ఉన్నది తూర్పు రాయి ఒక్కటే. పటం ప్రకారం అక్కణ్ణుంచి గట్టుకి మూడు వందల ఎనభై ఎనిమిది లింకులు. ప్రార్థన చేశాను, కొలిచాను. కొలత ముగిసిన చోట దిగ్గొట్టిన మేకు గట్టు దాటి బావ తోటలో నాలుగడుగులు లోపలికి పడింది. ఆ నాలుగడుగుల్లో రెండు జీడిచెట్లున్నాయి.

బావ మేకు వంక చూశాడు, చెట్ల వంక చూశాడు. "ఒరే, ఈ రెండు సెట్లకీ మీ యక్కా నానూ కుండల్తో నీల్లు మోసినాం. గట్టెక్కడున్నాదో నాకు తెల్దేటి?"

"రాయి దగ్గర్నుంచి పటం ఎంతంటే అంతే బావా. నాను సొంతంగా ఏటీ కలపలేదు."

"పెబువు పేరు మీద కొలిసినాడు, తప్పెలా అవుతాది?" అన్నాడు విశ్వాసి.

"మీ పెబువు వచ్చి గొలుసు రెండో కొస పట్టినాడేటి? మీరూ మీరూ ఒక పాకలో కూకుని నా సెట్లు పంచుకున్నారు."

ఆ మాట నన్ను కొట్టింది. "నోరు జాగర్త బావా" అన్నాను. పిడికిలి అప్పటికే బిగిసింది, బావ అది చూశాడు. పార తిప్పి పట్టుకుని దాని కర్ర కామతో కొట్టాడు. మొదటిది ఎడమ భుజం మీద, మెడ కింది ఎముక పుటుక్కుమనడం విన్నాను. రెండోది మోచేయి. మూడోది, నాలుగోది పక్కటెముకల మీద. కింద పడ్డాక ఐదోది నడుం మీద, ఆరోది కుడి మణికట్టు మీద. ఏడోది ముఖానికి రాబోయి పక్కన గొలుసు మీద పడింది. దాన్ని కూడా నేను లెక్కలోనే వేసుకున్నాను. మా అక్క తోటలోంచి పరిగెత్తుకొచ్చి పార మీద పడిపోయింది. ఆమె పెదవి చిట్లింది.

విజయనగరం ఆసుపత్రిలో కట్లు కట్టించుకుని ఇంటికొచ్చాక ఇరవై రెండు రోజులు మంచం మీద ఉన్నాను. మా వైపు మనుషులు కర్రలతో వచ్చారు, బావ కాళ్లు విరిచేస్తామన్నారు. వద్దన్నాను. పోలీసు కేసూ వద్దన్నాను. పాస్టరుగారు మంచం పక్కన కూర్చుని క్షమించావు బాబూ అని కళ్లు తుడుచుకున్నారు. విశ్వాసి ఆదివారం పాకలో లేచి, దేవుడు తన భూమి తనకి ఎలా ఇప్పించాడో సాక్ష్యం చెప్పాడట. సోమవారం రెండు జీడిచెట్లలో ఒకటి నరికించాడట.

నేను క్షమించలేదు. రెండు చేతులూ లేవలేదు, అంతే. మా వాళ్లని ఆపింది కూడా ఆ పని నాకు నేను దాచుకోవడానికే. ఆ మంచం మీద రోజూ బావని కొట్టాను. కామతో కాదు, పార రేకుతో. ఎక్కడ కొడితే మనిషి చావకుండా పడి ఉంటాడో ఆలోచించాను. అదంతా యేసయ్యకి చెప్పాను కూడా. నీకిది నచ్చదని తెలుసు, అయినా విను, నాకు ఇంకెవరున్నారు అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయినట్టు మాత్రం ఒక్క రోజూ అనిపించలేదు.

ఇరవై రెండో రోజు మా ఆవిడ మట్టీ నెత్తురూ పట్టిన గొలుసుని కడిగి, ఆరడానికి రోడ్డు అంచున పొడుగ్గా పరిచింది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చింది.

"ఇదేటి, నీ గొలుసు మేకు దాటి పోతంది?"

"సరిగ్గా పరిసి సూడు."

"సరిగ్గానే పరిసినాను. పొడుగైపోనాది. వచ్చి సూసుకో."

గోడ పట్టుకుని వెళ్లాను. బావ ఏడో దెబ్బకి వంగిన లింకు ఉన్నా కూడా, గొలుసు రెండో మేకుని అడుగు దాటి పడుంది. రోడ్డు మీద అలాగే కూర్చుండిపోయాను. కాగితం అక్కర్లేదు. అడుగంటే లింకున్నర. వందకి లింకున్నర చొప్పున మూడు వందల ఎనభై ఎనిమిదికి ఐదు పాయింట్ ఎనిమిది రెండు లింకులు. నలభయ్యారు అంగుళాలు. నాలుగడుగులకి రెండంగుళాలు తక్కువ. పాత గట్టే సరైనది. బావ కుండలతో నీళ్లు మోసింది తన చెట్లకే.

ఎందుకు చెప్పలేదని యేసయ్య మీద అరిచాను. గొలుసు నీ చేతిలో పెట్టాను కదా అన్నాను. అరుస్తూండగానే నాకే సిగ్గేసింది. నేను పెట్టింది ఆయన చేతిలో కాదు. నేను చేయాల్సిన పని ఎగ్గొట్టి, దాని మీద ఆయన పేరు కప్పాను. స్నేహితుడి పేరు చెప్పి అబద్ధపు సాక్ష్యం ఇచ్చినట్టయింది. ఆ సాక్ష్యం మీద ఒక చెట్టు పడిపోయింది, మా అక్క పెదవి చిట్లింది.

మర్నాడు పొద్దున్నే మెడకి చేయి కట్టుకుని బావ ఇంటికి వెళ్లాను. ఆయన పశువులకి గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి కొడవలి కింద పెట్టలేదు.

"నా గొలుసు తప్పు బావా. సాగిపోనాది. నాను సూసుకోలేదు. నీ గట్టే సరి."

ఆయన నా కట్టు వంక చూశాడు. "ఇప్పుడా సెప్పడం? మరి నాను కొట్టిన దెబ్బలేటి సెయ్యాలి? ఎనక్కి తీసుకోమంటావేటి?"

"సెట్టు నాను నిలబెట్టగలనా? అలాగే ఇదీ."

"సిగ్గు లేకపోతే సరి" అన్నాడు. ఎవరికన్నాడో తెలియలేదు. తర్వాత కొడవలి చూరులో పెట్టి నాతో బయల్దేరాడు. పార మాత్రం తెచ్చుకున్నాడు.

ఒక తాపీ మేస్త్రి దగ్గర ముప్పై మీటర్ల ఉక్కు టేపు తీసుకున్నాను. విశ్వాసిని తూర్పు రాయి దగ్గరికి పిలిచి, టేపు విప్పకముందే తప్పు చెప్పేశాను. తర్వాత ఇద్దరి చేతా రెండు కొసలూ పట్టించి కొలిచాను. రెండు టేపులు, పైన పద్దెనిమిది మీటర్ల ఐదు సెంటీమీటర్లు. పాత గట్టు నడుం మీద పడింది. నరికిన చెట్టు మోడు బావ వైపునే ఉంది.

విశ్వాసి ముఖం నల్లబడింది. "పాకలో నిలబడి సాచ్చికం సెప్పినాను. రేపు నన్నేటి ముఖం పెట్టుకుని రమ్మంటావు? మీ బావ బెదిరించినాడని మాట మార్సినావు."

"టేపు నీ సేతిలోనే ఉన్నాది. సూసుకో."

"దెబ్బలు తిన్నా బుద్ధి రాలేదురా నీకు!" అంటూ చేతిలోని టేపు పెట్టెతో నా ఎడమ భుజం మీద కొట్టాడు. అతుక్కుంటున్న ఎముక. కళ్ల ముందు తెల్లగా అయిపోయింది.

తెల్లదనం పోయేసరికి నా కుడి చేయి ఆయన గొంతు మీద ఉంది. మణికట్టు అప్పటికి బాగుపడింది. జీడి మోడుకి ఆయన వీపు ఆనించి నొక్కుతున్నాను. ఆయన కళ్లు బయటికొస్తున్నాయి, నాలుక పళ్ల మధ్యకి వచ్చింది. వెనక బావ, "నొక్కు, నొక్కురా, నా సెట్టు కాడే సావనీ" అంటున్నాడు. ఈసారి అడ్డం వచ్చేవాళ్లు లేరు. మంచం మీద ఇరవై రెండు రోజులు దాచుకున్నదంతా ఆ ఐదు వేళ్లలోకి వచ్చేసింది. వేరే మనిషి మీద ఖర్చవుతోందన్న పట్టింపు కూడా లేదు.

యేసయ్యని పిలిచానని చెప్పుకుంటే బాగుండేది. పిలవలేదు. గొంతు కింద విశ్వాసి నాడి నా బొటనవేలికి తగులుతోంది, అది మాత్రం తెలుసు. ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టని మనిషిని కాను నేను. ఆ నాడి దగ్గర, నేను నొక్కుతున్న చోటునే, ఇంకొకరు కూడా నలుగుతున్నారని తెలిసింది. ఇంతకన్నా సరిగ్గా చెప్పలేను. వేళ్లు ఒక్కొక్కటీ విప్పాను. వాటంతటవి విడలేదు, నేనే విప్పాను. బొటనవేలు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది.

విశ్వాసి దగ్గుతూ, ఊపిరి అందగానే నా ముఖం మీద రెండు కొట్టాడు. చేయి కిందికి దింపుకుని నిలబడ్డాను. అప్పుడు బావ పార ఎత్తాడు. నేను ఆ పార కామని చంకలో ఇరికించుకుని మొత్తం బరువు వేసి వేలాడాను.

"వదల్రా! నీకోసమే!"

"నాకోసం వద్దు బావా."

"నీకు పిచ్చి గాని పట్టినాదేటి?"

ముగ్గురం నేల మీద కూలబడ్డాం. విశ్వాసి మెడ తడుముకుంటూ లేచి వెళ్లిపోయాడు. బావ నా భుజం కట్టు జారిపోతే సరిచేయబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం పాకకి వెళ్లాను. విశ్వాసి తువ్వాలు మెడకి చుట్టుకుని వచ్చాడు. ఎవరో ఏమైందని అడిగితే తాడు ఒరుసుకుందన్నాడు. పాటలయ్యాక నేను లేచాను. గొలుసు సంగతి, మేకుల సంగతి, నరికిన చెట్టు సంగతి చెప్పాను. తప్పు కొలత నాదని, ఆయన చెప్పిన సాక్ష్యం నేను చేసిన తప్పు మీద నిలబడిందని చెప్పాను. తర్వాత, "ఆయన మెడ మీదున్నవి తాడు గుర్తులు కావు. నా వేళ్లు" అన్నాను.

పాస్టరుగారు తల దించుకున్నారు. మా ఆవిడ నన్నే చూస్తోంది. విశ్వాసి తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఐదు మచ్చలు, నాలుగు ఒక వైపు, ఒకటి ఒక వైపు. అందరూ చూశారు. ఆయన తన చాప దూరంగా లాక్కున్నాడు. వెళ్లిపోలేదు.