మా స్టోరు చాచా జానెడెత్తు పరీక్ష

శుక్రవారం పొద్దున గదిలో బట్టలు ఉతుక్కుంటుంటే ఫోన్ మోగింది. రాయచోటి నుంచి మా స్టోరు చాచా చిన్న కూతురు. "అబ్బాజాన్ పోయినారు అన్నా. నిద్రలోనే పోయినారు. మీ తోటలో చెట్లెక్కే అన్నోళ్ళందరికీ చెప్పండి. మీ మాట తలవని దినం లేదు" అంది. బకెట్‌లో నీళ్ళు పొర్లిపోతున్నా కొళాయి కట్టాలన్న ధ్యాస రాలేదు. నా కన్నతండ్రి పోయినప్పుడు విమానం ఎక్కలేకపోయాను. ఇప్పుడు రెండోసారి తండ్రి పోయినట్టనిపించింది.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఆయన గొప్పవాడని చెప్పడానికి కాదు. అలా అంటే ఆయనే ముందు నవ్వేవాడు. నేనివాళ రెండు కాళ్ళూ బాగుండి ఇది రాస్తున్నానంటే ఆయన వల్లే కనుక, ఆ సంగతి మీకు తెలియాలని.

మేము జగిత్యాల వైపు గీత పనివాళ్ళం. తాటిచెట్టెక్కి కల్లు గీసిన చేతులు. సౌదీలో తబూక్ దగ్గర ఖర్జూరం తోటలు చూసుకునే కంపెనీ ఒకటి మమ్మల్ని ఆ చేతుల కోసమే తెచ్చుకుంది. మగచెట్టు పూత తెచ్చి ఆడచెట్టు గెలల్లో పెట్టడం, ఎండిన మట్టలు నరకడం, కాయ పండితే గెల దించడం మా పని. చాచా ఆ కంపెనీలో స్టోరు కీపరు. కొడవళ్ళు, తాళ్ళు, నడుము బెల్టులు, చేతి తొడుగులు అన్నీ ఆయన చేతి మీదుగానే మాకు అందేవి.

మనిషి భారీగా ఉండేవాడు. పైగా ఎత్తంటే మహా భయం. మా గదుల్లో మంచం మీద మంచం ఉంటుంది కదా, పై మంచం మీద ఆయన ఒక్కరోజు కూడా పడుకోలేదు. ఎవరైనా ఆటపట్టిస్తే, "ఆకాశంలో పండుకునే ఖర్మ నాకెందుకురా నాయనా, నేల ఉండాది కదా" అనేవాడు. అలాంటి మనిషి రోజూ పొద్దున్నే చేసే పని ఒకటుంది. స్టోరు పైకప్పు ఇనుప దూలానికి ఓ కొక్కెం. చెప్పులు విడిచి పక్కన సర్ది, మా బెల్టుల్లో ఒకటి నడుముకు బిగించుకుని, పట్టీని ఆ కొక్కేనికి తగిలించి, బిస్మిల్లా అని కాళ్ళు మడిచేసేవాడు. అంత శరీరమూ నేలకు జానెడెత్తున గాల్లో ఊగేది. అది దించి ఇంకోటి. ఎంతమందిమి ఎక్కాలో అన్ని బెల్టులూ అయ్యేదాకా అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

"నేను పడితే జానెడు పడతా. మీరు పడితే మిద్దె మీది నుంచి పడినట్టే. నన్ను మోసిందంటే మిమ్మల్ని మోస్తాది" అనేవాడు. బెల్టును చిన్నపిల్లను అందించినట్టు రెండు చేతులా ఇచ్చి, ప్రతి ఒక్కడికీ ఒకటే మాట చెప్పేవాడు. "మళ్ళా నీ చేత్తోనే తెచ్చియ్యాల నాయనా."

సాయంత్రం మన బెల్టు పక్కవాడితో పంపితే పుచ్చుకునేవాడు కాదు. మనమే వెళ్ళి ఇవ్వాలి. ఒళ్ళు హూనమై ఉన్నప్పుడు ఆ చాదస్తానికి తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఉద్యోగాలు ముందు ఇక్కడివాళ్ళకే ఇవ్వాలనే నితాకాత్ నిబంధన గట్టిపడి, ఒక్కో పరాయి మనిషికీ నెలనెలా లెవీ కట్టాల్సి వచ్చిన కాలమది. ఇక్కడివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కగట్టి కంపెనీలకు ఇచ్చే రంగుల్లో మాది పచ్చ నుంచి పసుపుకు జారింది. ఇంకాస్త జారి ఎరుపులో పడితే మా ఇకామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావని అందరికీ తెలుసు. ముదీర్, అంటే మా మేనేజరు, చెడ్డవాడేం కాదు. పాపం, ఆయన మెడకూ అదే ఉచ్చు. ఎక్కడ ఖర్చు తగ్గుతుందా అని వెతికి వెతికి, చివరికి మా నడుముల దగ్గరికి వచ్చాడు.

పూత పెట్టే సీజనుకు ముందు పెద్ద అట్టపెట్టె ఒకటి దిగింది. పైన తుపాకీ భుజాన వేసుకుని చెట్టు కొమ్మ మీద కూర్చున్న వేటగాడి బొమ్మ. లోపల నిగనిగలాడే నైలాన్ బెల్టులు. చాచా నమాజుకు వెళ్ళిన సందులో మేము పెట్టె విప్పేశాం. తాటిచెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే తోలు మోకు కొత్తది చేతికొస్తే మావాళ్ళు ఏం చేస్తారో గీత పనివాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తోలు ఎండి పగలకుండా ముందు నూనె పట్టిస్తారు. మేమూ అదే చేశాం. తోలా నైలానా అని ఎవడు చూశాడు? గదుల్లోంచి కొబ్బరినూనె సీసాలు తెచ్చి, పాటలు పాడుకుంటూ, బెల్టులన్నిటికీ బాగా మర్దన చేశాం.

మర్నాడు పొద్దున చాచా యథాప్రకారం బిస్మిల్లా అని కాళ్ళు మడిచాడు. పట్టీ బకల్‌లోంచి సర్రున జారింది. చాచా దబ్బున నేల మీద కూర్చుండిపోయాడు. మేమంతా ఒక్కసారి నవ్వాం. ఆయన లేవకుండానే పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఎవుర్రా దీనికి తలంటింది?" అన్నాడు. ఆ మాటకు ఇంకా నవ్వాం.

ఆయన మాత్రం మమ్మల్ని కోప్పడలేదు. ఒక బెల్టును సబ్బుతో తోమి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ వేలాడాడు. ఈసారి వెంటనే జారలేదు. కాసేపటికి మెల్లగా, వేలు వేలు చొప్పున జారడం మొదలుపెట్టింది. ఇంకో బెల్టు తోమాడు. అదీ అంతే. మా నవ్వులు ఆగిపోయాయి.

"నూనె మీ తప్పు. ఇది మీ తప్పు కాదు. బకల్‌లో పండ్లే సరిగ్గా లేవు" అన్నాడు చాచా, వేలితో లోపల తడిమి చూస్తూ. "ఈ బొమ్మలో వాడు చెట్టెక్కేది కూచునేదానికి. మీరు ఎక్కేది పని చేసేదానికి. దినమంతా వెనక్కి వాలి పని చేస్తారు. ఆ మట్ట మొదుళ్ళు రంపాల మాదిరి కోస్తాంటాయి. వానికైనా ఇది ఇయ్యకూడదు. మీకు అసలే ఇయ్యను."

పెట్టె మూసి దాని మీద కూర్చున్నాడు.

మాకు భయం పట్టుకుంది. బెల్టు గురించి కాదు, పని గురించి. పాతవి అప్పటికే చివికిపోయాయి. ఆడచెట్టు పూత విచ్చాక నాలుగు రోజులు ఆలస్యమైతే కాయ నిలవదు. కాయ నిలవకపోతే తోట కాంట్రాక్టు పోతుంది, కాంట్రాక్టు పోతే ముందు మమ్మల్నే ఇంటికి పంపుతారు. మాలో పెద్దవాడు చాచా దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. "చాచా, గా బెల్టులు ఇయ్యరాదే. మేం పైలంగ ఎక్కుతం. ఈ సీజన్ పోతే మాకు ఖురూజ్ ముద్ర కొట్టి ఇండియాకు తోలుతరు. ఇంటికాడ పిల్లలున్నరు."

చాచా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె మీది నుంచి మాత్రం లేవలేదు. "ఖురూజ్ కొడితే విమానంలో సీట్లో కూచొని పోతారు నాయనా. నేను ఇది ఇస్తే, ఏ పెట్టెలో పెట్టి పంపుతారో మీకు తెలుసు."

ముదీర్ వచ్చి గట్టిగానే అరిచాడు. చాచా తోమిన బెల్టు ఒకటి ఆయన ఎదుటే కట్టుకుని కాళ్ళు మడిచాడు. పట్టీ మెల్లగా జారింది. కాళ్ళు నేలకు తగిలేదాకా ముదీర్ చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత చాచా భుజం పట్టుకుని లేపి, రెండు రోజుల్లో వేరే దారి చూపించమన్నాడు.

చాచా మమ్మల్ని వెంటబెట్టుకుని అటునుంచి అటే పక్క తోట పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన తబూక్ ముసలి రైతు. వయసులో ఉండగా తన చెట్లు తనే ఎక్కినవాడు. ఖర్జూరం నారతో పేనిన నడుము తాళ్ళు ఆయన కొట్టంలో వేలాడుతున్నాయి. అచ్చం మా మోకుకు అన్నలా ఉన్నాయి. మేము వాటిని చూసి కేకలు వేస్తే ముసలాయన పకపకా నవ్వాడు. తెగినచోట ఎలా పేనాలో ఆయన చూపించాడు, ముడి ఎలా వేయాలో మేము చూపించాం. ఒకరి భాష ఒకరికి రాదు. పని మాత్రం ఆగలేదు. చాచా మధ్యలో తిరుగుతూ అందరికీ యాలకుల టీ పోసి, తయారైన ప్రతి తాడుకూ వేలాడి చూశాడు.

ఆ ఏడు పూత పెట్టాం. గెలలు విరగకాశాయి. ఒక్కరం కూడా కింద పడలేదు, ఒక్కరం కూడా ఇంటికి పోలేదు. తర్వాత ముదీరే మంచి ఉక్కు బకళ్ళున్న బెల్టులు తెప్పించాడు.

కానీ నితాకాత్ చాచాను వదల్లేదు. స్టోరు పని ఇకపై ఇక్కడి మనిషికే ఇవ్వాలన్నారు. చాచా కుర్చీలో కూర్చోవడానికి తబూక్ అతనే ఒకడు వచ్చాడు. అతనికి పని నేర్పి పోవాల్సింది చాచాయే. మాకు కడుపు మండిపోయింది. "నీ అన్నం తీసుకునేటోనికి పని నేర్పుతవా చాచా?" అని అడిగేశాను.

"నా అన్నం దేవుడు చూసుకుంటాడు. చెట్టు మీద ఉండేది మీరు కదరా. వానికి నేర్పకుండా పోతే నాకు నిద్ర పడతాదా?" అన్నాడు.

మొదటి రోజు ఆ కొత్తతను చాచా ఊగడం చూసి నవ్వాడు. చాచా అతని చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకొచ్చి, నేనున్న చెట్టు మొదట్లో నిలబెట్టి పైకి చూడమన్నాడు. నేను వెనక్కి వాలి మట్ట నరుకుతున్నాను. పై నుంచి వాళ్ళిద్దరి ముఖాలూ కనిపించాయి. నేను దిగేదాకా అతను అక్కడి నుంచి కదల్లేదు. మర్నాడు కొక్కెం దగ్గరికి అతనే ముందు వెళ్ళాడు.

చాచా వెళ్ళిపోయి ఏళ్ళయింది. ఊళ్ళో మనవళ్ళను స్కూలుకు దింపుతూ హాయిగానే ఉన్నానని ఫోన్‌లో చెప్పేవాడు. ప్రతిసారీ అడిగేది ఒకటే, "వాడు వేలాడతాండాడా?"

శనివారం పొద్దున స్టోరుకు వెళ్ళి, చాచా కుర్చీలో ఇప్పుడున్న అతనికి కబురు చెప్పాను. అతను కాసేపు తల దించుకుని ఏదో ప్రార్థన చదువుకున్నాడు. తర్వాత చెప్పులు విడిచి పక్కన సర్దాడు. పొడుగాటి తెల్లటి తోబ్ అంగీని మోకాళ్ళ దాకా ఎగగట్టి, నా బెల్టు నడుముకు బిగించుకుని, బిస్మిల్లా అని కాళ్ళు మడిచాడు. రోజూ కంటే చాలాసేపు కళ్ళు మూసుకుని ఊగాడు. దిగాక, రెండు చేతులా బెల్టు నాకిచ్చి, తనకు వచ్చిన ఒక్కగానొక్క తెలుగు ముక్కను రాయచోటి యాసలో అన్నాడు.

"మళ్ళా నీ చేత్తోనే తెచ్చియ్యాల నాయనా."

సాయంత్రం చెట్టు దిగి, నా చేత్తోనే తెచ్చి ఇచ్చాను. అతను అందుకుని కొక్కేనికి తగిలించాడు. స్టోరు తలుపు మూసేదాకా అది అక్కడ మెల్లగా ఊగుతూనే ఉంది.