ఆనపపాదు మీద ఇంజన్ వైర్లు

ఆంజనేయప్రసాద్ టెలికామ్ కంపెనీలో వైర్లు కలుపుతూ జీవితం గడిపినవాడు. కంపెనీ మూతపడ్డాక ఆ చేతులు ఊరుకోలేదు. మే నెలలో భార్య ఝాన్సీలక్ష్మి నడిపే పాత కారు ఇంజన్ పోతే, "మెకానిక్ దేనికి? అదే మోడల్ ఇంజన్ దొరికింది, కాస్త తర్వాతి ఏడాదిది. దింపడం, ఎక్కించడం, ప్లగ్గులు పెట్టడం. రెండు వారాలు," అన్నాడు.

ఇప్పుడు నవంబరు. ఈ చలిదేశంలో, కనాటా ఊరి గాలికి చెవులు తెగిపోతున్నాయి. ఆస్పత్రి ల్యాబ్‌లో రోజంతా నిలబడి పనిచేసే ఝాన్సీ బస్సులు మారి మారి ఇల్లు చేరుతోంది. కారు సంగతి అడగడం కూడా మానేసింది. మొన్న మాత్రం బూట్లు విప్పుకుంటూ, "మంచు పడేలోపు అది కదల్లేదంటే తుక్కువాడికి ఫోన్ చేసేస్తానండీ. నాకిక ఓపిక లేదు," అంది. గొంతులో కోపం లేదు. ఆయన్ని భయపెట్టింది అదే.

ఇంజన్ ఎక్కింది. దాని వైర్ల కట్ట చివరి పెద్ద ప్లగ్గు కారు ప్లగ్గులో టక్కున కూర్చుంది కూడా. తాళం తిప్పితే గిర్రుమంటుంది, అందుకోదు. ప్లగ్గు ఆకారం ఒకటే గానీ, లోపల ఏ వైరు ఏ గడిలో ఉండాలో ఏడాది తేడాతో మారిపోయింది. ఈయనేమో రంగును నమ్ముకున్నాడు. టెలికామ్‌లో ఒక రంగుకి ఏ ఊళ్లోనైనా ఒకటే అర్థం మరి! ఇక్కడ పసుపు వైరు పాతదాంట్లో సెన్సర్‌ది, కొత్తదాంట్లో ఇంకెవరిదో. గడులు మార్చుకుంటూ కూర్చుంటే అక్టోబరు అయిపోయింది. ఒకటి మారిస్తే ఫ్యాను ఆగేది కాదు, ఇంకోటి మారిస్తే డాష్‌బోర్డు దీపాలన్నీ దీపావళి చేసుకునేవి.

నిజానికి మందేమిటో ఆయనకి ఎప్పుడో తెలుసు. సెన్సర్లు రెండు ఇంజన్లకీ ఒకటే. పాత ఇంజన్ మీది వైర్ల కట్టనే దీనికి తొడిగితే కారుకి తేడా తెలియదు. చిక్కల్లా ఆ కట్ట ఎక్కడుందన్నదే. జూన్‌లో, "ఇదిక దేనికీ పనికిరాదు, కానీ రాగి కదా, కుళ్లదు," అని గొప్పగా చెప్పి, పెరట్లో ఝాన్సీ వేసిన ఆనపపాదు పందిరికి తనే చుట్టేశాడు. వేసవంతా కాయల మధ్య ప్లగ్గులు వేలాడాయి. ఇంటికొచ్చినవాళ్లకి చూపించి మరీ నవ్వాడు. ఇప్పుడు దాన్నే విప్పి తెచ్చుకుంటే ఝాన్సీ ముఖం ఎలా చూడడం? ఆ మొహమాటంతోనే నెలరోజులు కారు కింద దూరి నడుము పోగొట్టుకున్నాడు.

శనివారం ఝాన్సీ డ్యూటీకి వెళ్లాక స్టూలెక్కాడు. ఎండిన పాదు నులితీగలు వైర్లని గట్టిగా కౌగిలించుకుని ఉన్నాయి. వేళ్లు కొయ్యబారాయి. సగం విప్పాడో లేదో, వెనక తలుపు చప్పుడైంది. ఆమెకి ఆవేళ సగం షిఫ్టేనట.

"ఏం చేస్తున్నారండీ?"

"విత్తనాల కాయేదైనా మిగిలిందేమోనని..."

"మిగిలిందిలెండి. ప్లగ్గుతో సహా మీ చేతిలోనే ఉంది."

ఆయన కిందికి చూశాడు. "ఈ వైర్లే కావాలి ఝాన్సీ. నెల్నుంచీ తెలుసు."

"నెల్నుంచీనా! ఈ నెలంతా నేను బస్టాపులో గడ్డకట్టాను, మీరిక్కడ సిగ్గుపడుతూ పడుకున్నారన్నమాట." తిట్టడానికీ ఓపిక లేనట్టు ఆగి, వచ్చి స్టూలు పట్టుకుంది. "విప్పండి. పడగలరు."

ఉడతలు రెండుచోట్ల కొరికాయి. అవి అతికించి, కట్ట తొడిగేసరికి ఆదివారం సాయంత్రమైంది. కారుని ఇద్దరూ గ్యారేజీలోంచి డ్రైవ్‌వేలోకి తోశారు. తాళం తిప్పాడు. ఇంజన్ ఓసారి దగ్గింది, అందుకుంది.

ఆయన దిగాడు. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని తలుపేసుకుంది. మెచ్చుకుంటుందో, పోనీ ఇప్పుడైనా తిడుతుందో అని, చేతులు తుడుచుకుంటూ అద్దం పక్కన నిలబడ్డాడు. వేడిగాలి మొదలయ్యేసరికి ఆమె సీటు వెనక్కి వాల్చి, కోటుతోనే నిద్రపోయింది.

ఎవరికైనా ఆ ఇంజన్ చప్పుడు వినిపిద్దామని ఫోన్ తీశాడు. మాటలకి ఆమె లేస్తుందేమోనని మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. ఇంజన్ ఆపలేదు. చలికి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ అక్కడే నిలబడ్డాడు.