నర్సమ్మ చీరకంటిన మబ్బులు

మాది మడకశిర దగ్గర పల్లె. అరవైల మొదట్లో నేను ఎనిమిదో తరగతి చదివేదాన్ని. టైఫాయిడ్ వచ్చినప్పుడు నన్ను ఆసుపత్రిలో కంటికి రెప్పలా చూసుకున్న నర్సమ్మకు బదిలీ అయింది. ఆమెకు నా చేత్తో చేసిన కార్డు ఇవ్వాలనిపించింది. నోటుబుక్కు కాగితాన్ని మడిచి, బాగా తడిపి, పైన నీలిరంగు వదిలితే వానమబ్బులు వాటంతటవే పుట్టుకొచ్చాయి.

"తాగే నీళ్లకే కష్టంగా ఉండాది, నీ బొమ్మలకు నీళ్లు కావల్లా?" అని అమ్మ కసిరింది.

వీడ్కోలు సభలో అందరి ముందూ కార్డు ఇచ్చాను. నర్సమ్మ తెరవబోతే, తడి ఆరని కాగితం చిరిగి ఆమె తెల్లచీరకు అతుక్కుంది. తీస్తే అరచేతంత నీలి మరక. అందరూ నవ్వారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆమె మాత్రం ఆ ముక్కను వెలుతురుకు పెట్టి చూసింది. "ఇది నీళ్లకు ఓర్చుకోలేదు పాపా. ఏది ఓర్చుకుంటాదో రేపు చూద్దాం రా" అంది.

మరునాడు ఆసుపత్రి వరండాలో రకరకాల కాగితాలు పరిచి, ఒక్కోదాని మీద నీటిచుక్క వేశాం. క్యాలెండరు నునుపు మీద చుక్క జారిపోయింది. పెండ్లిపత్రిక ఉబ్బింది. మందుల పెట్టెలోని గరుకు అట్ట మాత్రం నీటిని మెల్లగా పీల్చుకుని, వంకర పోకుండా నిలిచింది.

"దొరికింది చూడు" అని నాకంటే ముందు ఆమే సంబరపడింది.

ఆ అట్ట మీదే మళ్లీ మబ్బులు వేసి, బాగా ఆరాక, ఆమె బస్సెక్కేముందు ఇచ్చాను.

తర్వాత నేను డ్రాయింగు టీచరునయ్యాను. పిల్లల బొమ్మ చెడిపోతే కోప్పడను. ఎందుకు చెడిందో చూద్దామని పక్కన కూర్చుంటాను.