రూతక్క గులాబీ సబ్బులు, మేం వేసిన నింద

నిన్న పొద్దున రూతక్క కూతురు ఫోన్ చేసింది.

"ఆంటీ, అమ్మ లేదు."

నిద్రలోనే పోయిందట. స్టవ్ మీద పాలు పొంగి మాడిన వాసన వచ్చాక తేరుకున్నాను.

సాయంత్రం మేడిపల్లిలో సమాధి చేశారు. ఇంటికొచ్చి చూస్తే మా పాత వర్కర్ల గ్రూపులో ఓనర్ గారి మెసేజ్.

"మన యూనిట్‌కి ప్రాణం పోసిన గొప్ప కళాకారిణి. తీరని లోటు."

కింద పూలదండ బొమ్మ. దాని కింద అందరి నమస్కారాలు.

నాకు నమస్కారం పెట్టబుద్ధి కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నాచారంలో, మల్లాపూర్ వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు. అందులో మేం ఆరుగురం ఆడవాళ్లం గిఫ్ట్ సబ్బులు చేసేవాళ్లం. గులాబీలు, తామరలు, హంసలు. స్నానానికి కాదు, షోకేసులో పెట్టుకోవడానికి.

నూనె మరిగించడం, కాస్టిక్ సోడా కలపడం, రంగు, అచ్చు, అన్నీ మాకు నేర్పింది రూతక్కే. జనగామ దగ్గర పల్లె నుంచి పెళ్లయి ఉప్పల్ వచ్చిన మనిషి. చదివింది ఐదో తరగతి.

గులాబీ రేకు మీద సూదిమొనంత గాలిబుడగ కనిపించినా ఆమె ఊరుకునేది కాదు. తడి సబ్బు ముద్ద చిటికెన వేలికి రాసుకుని ఆ చిల్లు పూడ్చేది. తర్వాత వెతికినా అది ఎక్కడుందో తెలిసేది కాదు.

"కొనేటోళ్లు గింత దగ్గరికెళ్లి సూస్తరా అక్కా?" అని అడిగాను ఒకసారి.

"నేను సూస్తున్న గద" అంది.

ఒక ఏడాది వానాకాలంలో ఒక పెద్దింటి పెళ్లికి ఆర్డర్ వచ్చింది. మూడు వందల ఎర్ర గులాబీలు.

రూతక్క పోత పోసి, అచ్చుల మీద పాత దుప్పట్లు కప్పింది.

"సరితా, మూడు దినాలు ముట్టకు. పచ్చి సబ్బుకు గాలి తగిల్తే పైన తెల్లగ పొడి లేస్తది" అని చెప్పి వెళ్లింది. మర్నాటి నుంచి ఆమె సెలవు. కూతురికి టైఫాయిడ్.

మర్నాడు ఓనర్ వచ్చాడు.

"దుప్పట్లు తియ్యి. పువ్వులు బయటికి తీసి ఫ్యాన్ కింద పెట్టు. అర్జెంట్."

"అక్క వద్దన్నది సార్..."

"యూనిట్ అక్కదా, నాదా?"

దుప్పట్లు తీశాను. పువ్వులు ట్రేల్లో పేర్చాను. ఫ్యాన్ స్విచ్ నేనే వేశాను.

రెండో రోజుకి రేకుల మీద సన్నగా తెల్లదనం. మెరిసే సెల్లోఫేన్ కాగితం చుడితే కనపడదన్నాడు. చుట్టి పంపాం.

నాలుగు రోజులకు డబ్బాలన్నీ వెనక్కి వచ్చాయి. పెళ్లివాళ్ల మనిషి షెడ్డులో నిలబడి, బూజు పట్టిన సబ్బులు పంచి మా పరువు తీస్తారా అని అరుస్తున్నాడు. రూతక్క డ్యూటీలోకి వచ్చింది సరిగ్గా ఆ రోజే.

ఆమె ఒక పువ్వు తీసి చూసింది. టీ కేటిల్ పెట్టి, ఆవిరి మీద ఆ పువ్వుని మెల్లగా తిప్పింది. మా కళ్ల ముందే తెల్లపొడి కరిగిపోయింది. కింద నిగనిగలాడే ఎరుపు.

"బూజు గాదు సార్. సబ్బు మంచిగనే ఉంది. ఫ్యాన్ గాలికి గిట్లయింది. ఫ్యాన్ ఎవరేసిన్రు?"

ఓనర్ నా వైపు చూశాడు.

నేను నేల వైపు చూశాను.

"నీ చెయ్యే మంచిది కాదు రూతమ్మా. రేపట్నుంచి రాకు" అన్నాడు, పెళ్లివాళ్ల మనిషికి వినపడేలా.

ఆమె మా అందరి మొహాలూ చూసింది. ఒక్కొక్కరివీ. ఎవరం నోరు తెరవలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఏం జరిగిందో తెలుసా? అదే కేటిల్ పెట్టించి, అదే ఆవిరితో, ఆ మూడు వందల పువ్వులూ బాగుచేయించాడు. నాతోనే. వేరే షాపుకి అమ్మాడు. ఒక్క కంప్లయింట్ రాలేదు.

గొప్ప కళాకారిణి అట.

రూతక్క ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేరింది. పాతికేళ్లు బెడ్‌పాన్‌లు కడిగింది. మళ్లీ సబ్బు పోత పోయలేదు.

నేను మూడేళ్లకి ధైర్యం చేసి ఉప్పల్‌లో వాళ్లింటికి వెళ్లాను. స్విచ్ నేనే వేశానని చెప్పి ఏడ్చాను.

"నాకెరుకనే. సార్ చెప్తె ఏసినవ్. దానికి కోపం లేదు. ఆ దినం ఒక్క మాట జెప్తె ఏమైతుండె?"



"మాఫ్ చెయ్యక్కా" అన్నాను.

"అబద్ధం ఎందుకు జెప్పాలె సరితా? ప్రార్థన చేస్తున్న. మాఫ్ చెయ్యనీకి ఇంకా మనసొస్తలేదు. చాయ్ తాగు."

ఆ తర్వాత మా ఇంటికి చాలాసార్లు వచ్చింది. నా కొడుకు పెళ్లిలో పొద్దంతా వంటల దగ్గరే నిలబడింది. నాకు ఆపరేషన్ అయితే దవాఖానాలో వారం ఉంది. మాఫ్ చేసిన అన్న ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

నిన్న పెట్టె మూసేముందు ఆమె చేతులు చూశాను. కాస్టిక్ పడిన మచ్చలు ఇంకా ఉన్నాయి.

ఓనర్ గారూ, మీ మెసేజ్ తీసేయండి. ఆమెను పొగిడే హక్కు మనలో ఎవరికీ లేదు. నాకు అసలే లేదు.

వెళ్లిరా అక్కా. తప్పు నీ చేతిది కాదు. ముప్పై ఏళ్లు ఆలస్యంగా, అందరి ముందూ చెప్తున్నాను.

దేవుని దగ్గర నీకు నెమ్మది దొరకాలి. నన్ను మాఫ్ చేసే సంగతి వదిలేయ్.