కొంగోళ్ల బిడ్డలు

నేను పుట్టినప్పుడు మా ఇంటిపేరు కొంగ. పెళ్లయ్యాక మారింది. మాది తుంగతుర్తి దగ్గర పల్లె, గొర్లు కాసే ఇల్లు. ఆ పేరు ఎలా వచ్చిందని నాయనను అడిగితే ఒక్కోసారి ఒక్కో సంగతి చెప్పేవాడు. మంద ఎటు పోతే కొంగలు అటు వచ్చేవని ఒకసారి, మా ముత్తాతకు మెడ పొడుగని ఇంకోసారి. ఊళ్లో ఆ పేరును ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. అది నవ్వుకునే పేరని సూర్యాపేట హాస్టల్‌కు వచ్చాకే నాకు తెలిసింది.

ఎనిమిదో తరగతి మొదటిరోజు సారు హాజరు పిలుస్తుంటే నా పేరు తర్వాత ఇంకో కొంగ వచ్చింది. వెనక వరసలో ఒక సన్నటి పిల్ల లేచి నిలబడింది. మీరిద్దరూ అక్కాచెల్లెళ్లా అని సారు అడిగాడు. నేను కాదు సార్ అన్నాను. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల అవును సార్ అంది. తరగతంతా నవ్వింది. ఆ పూట నుంచి నేను పెద్ద కొంగను, ఆమె చిన్న కొంగ.

వాళ్లది కోదాడ దాటాక అనంతగిరి పక్క ఊరు. అమ్మా నాన్నా ఇద్దరూ పొలం కూలికి పోయేవాళ్లు. ఆదివారం చర్చికి పోయేవాళ్లు. ఆంధ్ర దగ్గర కాబట్టి ఆమె మాటల్లో 'ఏంటి', 'వెళ్దామా' వచ్చేవి. మేము ఎక్కిరిస్తే ఆమె కూడా నవ్వేది. మా కులాలు వేరు, మొక్కే దేవుళ్లు వేరు. అవునని ఎందుకన్నావని తర్వాత అడిగాను. ఇంటిపేరు ఒకటైతే అక్కాచెల్లెళ్ల వరసే కదా, అందులో అబద్ధం ఏముందంది. ఇద్దరిదీ ఒకే వయసు. అయినా నన్ను అక్కా అనే పిలిచేది. నేను మాత్రం పేరు పెట్టి పిలిచేదాన్ని.

ఒక దసరా సెలవుల్లో ఆమెను మా ఊరికి తీసుకుపోయాను. అమ్మ మంచిగానే మాట్లాడింది. ఏ ఊరు, ఎవరి పిల్ల అని అడిగి తెలుసుకుంది. మధ్యాహ్నం నాకు లోపల పెట్టి, ఆమెకు బయట అరుగు మీద పెట్టింది. తిన్నాక ఆమె తన పళ్లెం తనే కడిగి, గోడకు ఆనించి బోర్లించింది. ఎవరూ చెప్పలేదు. చెప్పించుకోవాల్సిన అవసరం ఆమెకు లేదు. నేను గడప లోపల నిలబడి చూశాను. హాస్టల్‌కు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా అమ్మ చేసిన పచ్చిపులుసు బాగుందని రెండుసార్లు చెప్పింది. తర్వాత మళ్లీ మా ఊరికి రమ్మని నేను పిలవలేదు, ఆమె అడగలేదు.

ఆమె నర్సింగ్ చదివి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. అక్కడే రైస్ మిల్లులో బాయిలర్ చూసే మనిషిని పెళ్లి చేసుకుంది. నేను టీచర్‌నై కోదాడలో స్థిరపడ్డాను. నా పెళ్లి కార్డు మీద 'కొంగ వారి ఆడపడుచు' అని చూసి మా అత్తగారివైపు వాళ్లు నవ్వారట. ఆ సంగతి మా ఆయన సరదాగానే చెప్పాడు. ఆధార్‌లో, సర్వీసు పుస్తకంలో, అన్నిచోట్లా ఇంటిపేరు మార్పించుకున్నాను. నిజం చెప్పాలంటే బరువు దిగినట్టే అనిపించింది.

ఆమె మార్చుకోలేదు. నర్సుగా రిజిస్టరైన పేరు కదా, మళ్లీ ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారంది. నేను మార్చుకున్నానని ఆమెకు ఫోన్‌లోనే చెప్పాను.

"అయితే ఇగ నేనొక్కదాన్నే మిగిలానా అక్కా" అంది.

అప్పటికి ఆమె మాట కూడా సగం మిర్యాలగూడ అయిపోయింది. ఆమె నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను.

వాళ్ల అమ్మ మొదట పోయింది, తర్వాత నాన్న. ఒక్కడే తమ్ముడు. హైవే మీద బైకు ప్రమాదంలో పోయాడు. అతని భార్య తన తల్లిగారింటికి వెళ్లిపోయి మళ్లీ పెళ్లి చేసుకుంది. అనంతగిరి పక్కన వాళ్ల ఇల్లు కూలి, ఆ జాగాలో ఎవరో గడ్డివాము వేసుకున్నారని ఒకసారి చెప్పింది. వార్డులో పేషెంట్ సంగతి చెప్పినట్టే చెప్పింది.

నాలుగేళ్ల కిందట ఆమెకు గర్భసంచి క్యాన్సర్ బయటపడింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయినప్పుడు ఒకసారి, ఇంటికి వచ్చాక ఒకసారి వెళ్లి చూశాను. తర్వాత వెళ్లలేదు. కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్ మీదుగా గంటన్నర ప్రయాణం. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే ఆదివారం వస్తానన్నాను. ఒక ఆదివారం పరీక్ష పేపర్లు, ఒక ఆదివారం చుట్టాలు, ఒక ఆదివారం ఏమీ లేదు. ఏమీ లేని ఆదివారం కూడా వెళ్లలేదు. చివరి రెండు నెలలు ఆమె ఎప్పుడొస్తావని అడగడం మానేసింది. బడి ఎలా నడుస్తుందని అడిగేది.

పోయిందన్న కబురు ఒక మంగళవారం పొద్దున, నేను మూడో తరగతికి గుణకారాలు చెబుతుండగా వచ్చింది. ఆమె భర్త నన్ను వదినా అని పిలుస్తాడు. "వదినా, అయిపోయింది" అన్నాడు. సరే, వస్తున్నానన్నాను. బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసి, హెడ్‌మాస్టర్‌కు చెప్పి బయలుదేరాను. బస్సులో పక్కసీటు ఆమె మిరపతోట సంగతి చెప్పింది. విన్నాను. ఎంత దిగుబడి వచ్చిందని కూడా అడిగాను. ఏడుపు వస్తుందని చాలాసేపు చూశాను. రాలేదు.

వాళ్ల ఇల్లు మిల్లుల వైపు. అక్కడ వాకిళ్ల మీద, ఆరేసిన బట్టల మీద ఎప్పుడూ పొట్టు బూడిద ఉంటుంది. వాకిట్లో టెంటు వేసి, ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. చర్చివాళ్లు పాడుతున్నారు. ఇంటర్ చదివే ఆమె కూతురు నన్ను చూసి పెద్దమ్మా అని వచ్చి పక్కన కూర్చుంది. దాని చెయ్యి పట్టుకున్నాను.

పాస్టర్ ప్రార్థన ముగించి పెట్టె మూయమన్నప్పుడు, ఆమె భర్త మేనత్త, డెబ్బై దాటిన మనిషి, కర్ర ఊతంగా లేచింది. తల్లిగారోళ్లు ఎవరైనా వచ్చారా అని అడిగింది. పెళ్లయిన ఆడది పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కప్పాలి. అది మా ఇళ్లలోనూ ఉంది, వాళ్ల ఇళ్లలోనూ ఉంది. వచ్చినవాళ్లలో అటువైపు వాళ్లు ఎవరూ లేరు. మన విశ్వాసంలో ఇవన్నీ అక్కర్లేదమ్మా అని పాస్టర్ మెల్లగా అన్నాడు.

"దేవుని సంగతి మీరు సూడున్రి అయ్యగారు. ఆడబిడ్డ సంగతి మేం సూస్తం" అందామె. "దిక్కులేని దాని లెక్క తోలద్దు."

అప్పుడు నేను లేచాను. ఆలోచించి లేచానని చెప్పలేను. లేచి నిలబడ్డాక, అందరూ నా వైపు చూశాక, ఏదో ఒకటి అనాల్సి వచ్చింది.

"నేనున్న. నేను కొంగోళ్ల బిడ్డనే."

ముసలామె నా దగ్గరికి వచ్చి ముఖంలోకి చూసింది. ఏ ఊరి కొంగోళ్లని అడిగింది. తుంగతుర్తి దిక్కు అన్నాను.

"ఆ దిక్కు కొంగోళ్లు గొర్లు కాసేటోళ్లు గదా బిడ్డా. మీరూ మేమూ ఒక్కటి కాదు గదా."

"కాదు. అయినా కొంగోళ్లమే."

పాట ఆగిపోయి ఉంది. టెంటు కింద ఫ్యాన్ తిరిగే చప్పుడు వినిపించింది. నా ఆధార్ కార్డులో ఆ పేరు లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను. ఎవరూ అడగలేదు. ముసలామె కాసేపు చూసి, "అయితే పోయి చీర పట్కరా. మేం ఆగుతం" అంది.

పిల్లను వెంటబెట్టుకుని మెయిన్ రోడ్డు మీది బట్టల దుకాణానికి వెళ్లాను. దుకాణాయన కుర్చీలు వేయించి, మంచినీళ్లు తెప్పించి, ఫంక్షన్‌కా మేడం అని అడిగాడు. అవునన్నాను. ఏ రంగు తీసుకుందామని పిల్లను అడిగితే, తెల్లది మాత్రం వద్దు పెద్దమ్మా, అమ్మ డ్యూటీకి ఎప్పుడూ తెల్లవే కట్టిందంది. అతను ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోయాడు. ముదురాకుపచ్చ చీర, సన్నటి ఎర్ర అంచుది తీసుకున్నాం. ఫాల్ కుట్టించాలా, సాయంత్రానికి ఇస్తామన్నాడు. అక్కర్లేదన్నాను. నీళ్లల్లో వేస్తే రంగు దిగుతుందేమో, మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెట్టండన్నాడు. సరేనన్నాను. పిల్ల దుకాణం అద్దంలో తనను తాను చూసుకుంటూ నిలబడింది.

తిరిగి వచ్చాక చీర విప్పి ఆమెకు మెడ దాకా కప్పాను. ఆమె ముఖం చిక్కి, నాకు తెలిసిన ముఖంలా లేదు. ముసలామె వచ్చి అంచు సరిచేసి, ఇగ మూయున్రి అంది. పెట్టె మూశారు.

ఈ సంగతి నేను చెప్పకముందే మా ఊరికి చేరింది. మిర్యాలగూడ మిల్లులకు మా ఊరి నుంచి హమాలీలు పోతారు, వాళ్లలో ఎవరో చూశారు. మూడో రోజు మా తమ్ముడు ఫోన్ చేశాడు. చావుకు పోతే పోయావు, చూసి రావాల్సింది, తల్లిగారి చీర ఎందుకు పెట్టావన్నాడు. అది పెడితే ఆ ఇంటితో మనకు చుట్టరికం ఒప్పుకున్నట్టు కాదా, మా కులపోళ్లు నన్ను అడుగుతున్నారన్నాడు. ఏం చెప్పమంటావని నేను అడిగాను.

"నువ్వు పేరు మార్చుకొని పోయినవ్. ఊళ్లె ఆ పేరుతోటి ఉండేది మేము" అన్నాడు.

అది నిజమే. నాకు కోపం రాలేదు. ఏమీ రాలేదు. అతను ఫోన్ పెట్టేశాడు. తర్వాత నెల దాకా మాట్లాడలేదు.

నలభయ్యో రోజున జ్ఞాపకార్థ ప్రార్థన, భోజనాలు పెట్టుకున్నారు. నేను పొద్దున్నే వెళ్లి ఉల్లిగడ్డలు కోసే ఆడవాళ్లతో కూర్చున్నాను. పది గంటల ప్రాంతంలో వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. మా తమ్ముడు దిగాడు. వెనక ఒక పొట్టేలు ఉంది. నాయన పంపాడని చెప్పాడు. తల్లిగారోళ్లు వట్టి చేతులతో పోతారా అని నాయన అన్నాడట, మరో మాట అనలేదట. నాయనకు ఎనభై దగ్గర పడింది. ఆయన ఆమెను చూసింది ఆ దసరాకు ఒక్కసారే. అరుగు మీద పెట్టిన పళ్లెం సంగతి ఆయనకు గుర్తుందో లేదో నేను ఎన్నడూ అడగలేదు. అమ్మ ఉంటే ఏమనేదో కూడా నాకు తెలియదు. అమ్మ పోయి ఆరేళ్లయింది.

ఆమె భర్త ఎదురెళ్లి, రా బావా, లోపలికి రా అన్నాడు. బావా అన్న మాటకు మా తమ్ముడు ఒక్కసారి నా వైపు చూశాడు. లోపలికి రాలేదు. పొట్టేలును దింపి, వేపచెట్టుకు కట్టి, ఆటో పక్కన నిలబడ్డాడు. పిల్ల చెంబుతో నీళ్లు తీసుకుపోయింది. తీసుకుంటాడా లేదా అని నేను కత్తిపీట ముందు నుంచి చూస్తున్నాను. తీసుకుని తాగాడు. చెంబు తిరిగి ఇస్తూ, ఏం చదువుతున్నావని అడిగాడు. ఇంటర్ రెండో సంవత్సరం మామా అంది. మంచిగ చదువు అన్నాడు. భోజనాలకు ఆగమంటే, కిరాయి బండి, పోవాలన్నాడు. వెళ్లిపోయాడు. అంతకంటే ఎక్కువ జరగలేదు. ఇప్పుడు నాతో అన్నీ మాట్లాడుతున్నాడు, ఆ విషయం తప్ప.

ఆ రోజు ప్రార్థన అయ్యాక ముసలామె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నీ చెల్లె నీ గురించి శానా చెప్పేదంది. ఏం చెప్పేదని అడిగాను. మా అక్క కోదాడలో పెద్ద టీచరు, బడి వదిలి రావడానికి కుదరదని చెప్పేదట. చూడడానికి వచ్చిన వాళ్లందరికీ అదే చెప్పేదట. నేను తల ఊపాను. పక్కన ఎవరో విస్తరి వేసి అన్నం పెట్టారు. తిన్నాను. ఆకలిగానే ఉంది.

ఏడుస్తానని కొన్నాళ్లు కాచుకున్నాను. బడిలో, బస్సులో, వంటింట్లో, ఎక్కడో ఒకచోట వస్తుందనుకున్నాను. రాలేదు. మా ఆయన ఒకసారి, నీకు బాధ లేదా అని అడిగాడు. ఉందో లేదో తెలియడం లేదన్నాను. తిమ్మిరెక్కిన కాలు మన కాలే అయినా గిచ్చితే తెలియనట్టు ఉందన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

పరీక్షలు అయిపోయాక పిల్ల రెండు రోజులు మా ఇంట్లో ఉంది. నర్సింగే చదువుతానంటోంది. వాళ్ల నాన్నకు ఇష్టం లేదు, డిగ్రీ చదవమంటున్నాడు. నువ్వు చెప్పు పెద్దమ్మా, నాన్న నీ మాట వింటాడంది. చెబుతానన్నాను, అదే రోజు ఫోన్ చేసి చెప్పాను. అతను ఆలోచిస్తానన్నాడు. రెండో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ, చిన్నప్పుడు అమ్మ ఎట్లుండేదని అడిగింది. సన్నగా ఉండేదన్నాను. ఇంకా చెబుతానేమోనని అది చాలాసేపు చెయ్యి కడుక్కోకుండా కూర్చుంది. పెరుగు వేసుకోమన్నాను.

మరుసటి రోజు కోదాడ బస్టాండ్‌లో మిర్యాలగూడ బస్సు ఎక్కించాను. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలేదాకా నిలబడి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను. రెండు గంటల తర్వాత ఫోన్ చేసింది. చేరిన పెద్దమ్మా అంది. సరే బిడ్డా అన్నాను.