హాల్వర్ వెతికిన మూడు రోజులు

హాల్వర్ లియెన్‌కు డెబ్బై నాలుగేళ్లు. నవంబరులో కొండల మీద మంచు గట్టిపడిందంటే చాలు, తుపాకి తీసుకుని ఒక్కడే ట్రక్కులో వెళ్లిపోయేవాడు. మోంటానాలో మా లోయ వాళ్లు వేటాడి తెచ్చే జింకల మాంసం కోసి పొట్లాలు కట్టేది నేనే. ఏటా ఆయన జింక కూడా మా కొట్టానికే వచ్చేది. ఎప్పుడూ ఒకటే తూటా, భుజం వెనక, అదే చోట.

మొదట్లో ఆయన ఒంటరిగా వెళ్లేవాడు కాదు. ఎమెట్ రస్క్ తోడుండేవాడు. ముప్ఫయ్యేళ్లు ఇద్దరూ ఒకే గుడారంలో పడుకున్నారు, ఒకే పెనంలో కార్జం వేయించుకు తిన్నారు. ఒక ఏడు ఎమెట్ కాల్చిన జింక గాయంతో తప్పించుకుపోయింది. చీకటి పడేసరికి అతను వట్టి చేతులతో దిగివచ్చాడు. మర్నాడు కాఫీ హోటల్లో పదిమంది ముందు హాల్వర్ అన్నాడు:

"జంతువుని కాల్చి కుళ్లబెట్టేవాడితో నేను కొండెక్కను."

ఎమెట్ కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పదకొండేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. ఎమెట్ భార్య డోరిస్ పోయినప్పుడు కూడా హాల్వర్ శ్మశానం గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేశాడు.

నిరుడు ఏప్రిల్‌లో కంటి డాక్టరు ఆయనకు కుడికంట్లో శుక్లం ముదిరిందనీ, ఆపరేషను అయ్యేదాకా తుపాకి ముట్టుకోవద్దనీ చెప్పాడు. ఆ సంగతి ఆయన కన్న కూతురికి కూడా చెప్పలేదు. నవంబరు రాగానే కొండెక్కాడు.

గట్టు మీద నుంచి చూస్తే రెండు వందల గజాల దిగువన, దేవదారు చెట్ల అంచున పెద్ద మగజింక నిలబడి ఉంది. మంచు మీద ఎండ పడి కళ్లు జిగేలుమంటున్నాయి. జింక అంచులు చెదిరినట్టు కనిపిస్తున్నా ఆయన కాల్చాడు. జింక పడలేదు. వీపు గూనిలా వంచి, నెమ్మదిగా చెట్లలోకి నడిచిపోయింది. తూటా కడుపులో తగిలిందని ఆయనకు అప్పుడే అర్థమైంది. వెంటపడితే ఇంకా దూరం పోతుంది. కాళ్లు మొద్దుబారుతున్నా గంటసేపు అక్కడే కూర్చుని, ఆ తర్వాత నెత్తుటి జాడ పట్టుకున్నాడు. మధ్యాహ్నం కొత్త మంచు కురిసి జాడను కప్పేసింది.

రెండో రోజు మోకాళ్ల మీద పాకుతూ వెతికాడు. మూడో రోజు కాకులు చూపించాయి. పడిపోయిన మాను కింద జింక ఉబ్బి ఉంది. ఒక తొడ నక్కలు తినేశాయి. ఆ ఏటికి తన వంతు జింక అదేనని లెక్కకి దానికి తన లైసెన్సు చీటీ కట్టి, మిగిలింది విడతలుగా వీపున మోసి, ట్రక్కులో నా దగ్గరికి తెచ్చాడు.

"అమ్మాయ్, కాస్తయినా పనికొస్తుందేమో చూడు."

వాసన చూశాను. "కుక్కలకి కూడా పెట్టలేమండీ. మంచు పడిందిగా, మీరు మాత్రం ఏం చేస్తారు?"

"మంచు కాదు, నా కన్ను. ఏప్రిల్ నుంచీ తెలుసు నాకు." మాంసం మీద పట్టా కప్పేశాడు. "ఎమెట్ ఇంట్లోనే ఉంటాడా?"

"ఇంకెక్కడికి పోతాడు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని?"

"నువ్వూ రా. ఒక్కణ్ణే అయితే మళ్లీ సగంలోంచి వచ్చేస్తాను."

ఎమెట్ తలుపు తీశాడు కానీ లోపలికి రమ్మనలేదు. హాల్వర్ టోపీ తీసి, మెట్ల మీదే నిలబడి, కంటి సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పాడు. ఎమెట్ అంతా విన్నాడు.

"ఎన్నాళ్లు వెతికావు?"

"మూడ్రోజులు."

"నేను నాలుగు." గొట్టం సర్దుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వు హోటల్లో ఆ మాటన్నావు చూడు, అక్కణ్ణుంచి తిన్నగా కొండకే పోయా. దొరికింది. చీటీ కూడా కట్టా."

"మరి చెప్పొచ్చు కదరా."

"అడిగితే చెప్పేవాణ్ణి. నువ్వడిగావా?"

హాల్వర్ ఒక మెట్టు దిగాడు.

"డోరిస్‌ని పాతిపెట్టిన రోజు గేటు దగ్గర నిన్ను చూశా," అన్నాడు ఎమెట్. "వస్తావనే అనుకున్నా."

"తప్పయిపోయిందిరా."

"అయింది." తలుపు మీద చెయ్యి వేశాడు. "నాకు చలేస్తోంది." తలుపు మూసుకుంది.

హాల్వర్ ట్రక్కు నడిపి నన్ను వెనక్కి తెచ్చాడు. కొట్టం దగ్గర దిగి, ఆ పాడైన మాంసం మళ్లీ ట్రక్కులోకి తనే ఎత్తుకున్నాడు. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు. మార్చిలో ఎమెట్ పోయాడు.

ఈ ఏడు హాల్వర్ లైసెన్సు తీసుకోలేదు. వేట రోజుల్లో ఉదయాన్నే మా కొట్టానికి వచ్చి, ఎవరూ అడక్కుండానే నా కత్తులు సానబడుతూ కూర్చుంటాడు. జింకలు దించడానికి వచ్చినవాళ్లు, "ఏం హాల్వర్, ఈసారి ఎక్కలేదా?" అని పలకరిస్తారు.

"మోకాళ్లు," అంటాడు.

అసలు సంగతి తెలిసిన నేను, ఆయన సానబట్టిన కత్తి అందుకుని నా పనిలో పడతాను.