వ్యానుకి అటువైపు సముద్రం

ధవళేశ్వరం వీరబ్రహ్మం చెడ్డవాడేం కాదు. నలుగురిలో ఎక్కడ పలచనైపోతానో అన్న బెంగ మాత్రం కాస్త ఎక్కువ. పుట్టుకతో వడ్రంగి. పాత మెటడార్ వ్యాను కొని, లోపల టేకు చెక్క బెర్తులు, గిన్నెలు దొర్లిపోకుండా అరలు, అన్నీ తన చేత్తోనే బిగించుకున్నాడు. తొంభైల్లో మా వైపు అలాంటి బండి మరొకటి లేదు. కుటుంబాలు దాన్ని కిరాయికి మాట్లాడుకుని, దారిలోనే వండించుకు తింటూ, అందులోనే నడుం వాలుస్తూ ఊళ్లు తిరిగొచ్చేవి.

ఆ బండి ఎక్కనిది అతని భార్య లోవమ్మ ఒక్కతే. గోదావరి ఒడ్డున కాపురం చేస్తూ కూడా సముద్రం మొహం చూడలేదు ఆవిడ. ఖాళీ దొరకగానే తీసుకెళ్లి అలల్లో నిలబెడతానని వీరబ్రహ్మం ఏటా అనేవాడు. అతనికి ఆ ఖాళీ ఎప్పుడూ దొరకలేదు.

ఓ మాఘమాసం ఆదివారం పొద్దున్నే వచ్చి, ఉప్పాడ వెళ్తున్నాం, తయారవ్వమన్నాడు. లోవమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టుకుంది, జడలో చామంతులు పెట్టుకుంది. అసలు సంగతి బండి కదిలాక గానీ చెప్పలేదు మహానుభావుడు. వంట చేసే బుల్లబ్బాయికి జ్వరమట. రాజమండ్రిలో శివరామకృష్ణగారి కుటుంబం ఎదురు చూస్తోందట. ఈ ఒక్కపూట వండిపెడితే సముద్రం ఎలాగూ చూడొచ్చట. ఆవిడ చామంతులు సర్దుకుంది.

రాజమండ్రిలో శివరామకృష్ణగారి భార్య శ్యామలాంబగారు వ్యానెక్కుతూ, ముందు సీట్లో ఉన్నదెవరని అడిగారు. పెళ్లాంచేత కిరాయికి వండిస్తున్నాడనుకుంటారేమోనని వీరబ్రహ్మానికి నామోషీ ముంచుకొచ్చింది.

"వంటమనిషండి," అన్నాడు.

పట్టుచీరలో వంటమనిషేంటా అని ఆవిడ ఓ క్షణం చూశారు, మళ్లీ అడగలేదు. లోవమ్మ మాత్రం దిగి, వెనక్కెళ్లి గిన్నెల మధ్య కూర్చుంది. వీరబ్రహ్మం అద్దంలో చూశాడు. నోరు జారిన మాట వెనక్కి తీసుకునే ధైర్యం చాల్లేదు.

పిఠాపురంలో అందరూ కుక్కుటేశ్వరుడి దర్శనానికి వెళ్తే ఆవిడ కూరలు తరుగుతూ ఉండిపోయింది. ఉప్పాడలోనైనా ఆవిడ్ని నీళ్లలోకి పంపాలని వీరబ్రహ్మం గట్టిగానే అనుకున్నాడు. తీరా చూస్తే అక్కడ గాలి. స్టవ్వు వెలిగిస్తే ఆరిపోతోంది. అలవాటు కొద్దీ వ్యానుని గాలికి అడ్డంగా నిలబెట్టాడు. ఆ చాటున కూర్చుని లోవమ్మ వంకాయ కూర, చారు, పులిహోర చేసింది. అటువైపు నుంచి పిల్లల కేరింతలు వినిపిస్తున్నాయి. సముద్రానికీ ఆవిడకీ మధ్య తన బండే అడ్డంగా ఉందని వీరబ్రహ్మానికి భోజనాల దగ్గర తట్టింది. సిగ్గేసింది. పులిహోర సగంలోనే వదిలేసి లేచాడు.

గిన్నెలు తోముతున్న ఆవిడ దగ్గరికెళ్లి, ఓసారి కాళ్లు తడుపుకుని రమ్మని మెల్లగా చెప్పాడు, ఎవరూ వినకుండా.

"పనుందండి డ్రైవరుగారూ," అంది ఆవిడ, తలెత్తకుండానే.

ఈలోగా శివరామకృష్ణగారు యానాం మీదుగా పోదామని తొందరపెట్టారు. అక్కడ మందు సీసాలు చవక. శ్యామలాంబగారు పిల్లల తడిబట్టలు లోవమ్మ చేతికిచ్చి పిండమన్నారు. ఆవిడ పిండింది. బండి కదిలింది.

రాజమండ్రి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. శ్యామలాంబగారు లోవమ్మకి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టారు. వంట అమృతంలా ఉందన్నారు. మీ ఆయనేం చేస్తాడని అడిగారు.

"ఆయనా డ్రైవరేనండి. సముద్రం చూపిస్తానన్నారండి. పాపం, ఖాళీ దొరకట్లేదండి."

వీరబ్రహ్మం పక్కనే ఉన్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"ఆ డ్రైవరు నేనేనండి. మా ఆవిడండి," అన్నాడు.

శ్యామలాంబగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. పిండించుకున్న బట్టలు గుర్తొచ్చాయేమో, మొహం చిన్నబోయింది. గబగబా లోపలికెళ్లిపోయారు.

బండి ధవళేశ్వరం దారి పట్టింది. లోవమ్మ వెనకే కూర్చుంది. తిట్టినా బాగుండుననిపించింది వీరబ్రహ్మానికి. చివరికి తనే, చెప్పేశాను కదా, ఇంకా కోపమేంటని అడిగాడు.

"కోపం కాదండి. ఆ అమ్మగారు మంచావిడండి. అదేదో పొద్దున్నే చెప్పుంటే, ఆవిడే నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపేదండి."